షోరూమ్‌లో బేరం: ఇస్లాపూర్ వాళ్ళకు నికరమైన సలహాలు

పత్తి అమ్మబోయిన ఇస్లాపూర్ రైతును బురిడీ కొట్టించడం అంత తేలిక కాదు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుందని, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ ముట్టుకోదని అతనికి తెలుసు. క్వింటాలుకు కిలో తరుగు తీస్తానని వ్యాపారి అంటే కాటా దగ్గరే నిలబడి గంటసేపు వాదిస్తాడు. 2025–26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఆ గంట పోరాటం 81 రూపాయల కోసం. అదే మనిషి అదే పత్తి డబ్బు జేబులో పెట్టుకుని కారు షోరూమ్‌కి పోయి, ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అనే గీత కింద తొమ్మిది వేలు రాసి ఉంటే, ఏసీ గాలిలో టీ తాగుతూ తలూపి వస్తాడు. క్వింటాలుకు పైగా పత్తి ఒక్క తలూపుతో పోయింది. తరుగు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఈ ఔదార్యం మన ప్రాంతంలో బాగానే ఉంది కానీ ఇంకా అందరికీ అబ్బలేదు. ఈ మధ్య కొందరు కుర్రాళ్ళు కాగితం మీద రాసిమ్మని అడుగుతున్నారట. వాళ్ళు పూర్తిగా చెడిపోకముందే పెద్దలు చెప్పాల్సిన నాలుగు మాటలు చెబుతున్నాను.

ఎటు పోవాలి

మనకు రెండు దిక్కులున్నాయి. హిమాయత్‌నగర్, భోకర్ మీదుగా మన మహారాష్ట్రలోని నాందేడ్ ఒకటి. తెలంగాణలోని ఆదిలాబాద్, నిర్మల్ రెండోది. దీనికి 1956 నవంబర్ 1కి దండం పెట్టుకోవాలి. అప్పటిదాకా ఇస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో ఒక సర్కిల్. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కిన్వట్, రాజూరా తాలూకాలను మొత్తంగా ఇటు పంపుతూ, ఇస్లాపూర్ సర్కిల్‌ను మాత్రం విడిగా పేరు పెట్టి మరీ బొంబాయి రాష్ట్రంలో కలిపింది. బదులుగా నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు అటు పోయాయి. ఆ లావాదేవీలో ఎవరికి లాభమో ఇప్పటికీ తేలలేదు. మనకు మిగిలిందల్లా రెండు వైపులా చుట్టాలు, రెండు వైపులా షోరూమ్‌లు.

కాబట్టి మొదటి సలహా: చుట్టాల పేరు మీద కొనండి. భైంసాలో మేనమామ కొడుకు ఉన్నాడనుకుందాం. అతని అడ్రసు పెట్టి తెలంగాణ నంబర్ వేయిస్తే పదిహేను వేలు తగ్గిస్తామని అటు షోరూమ్ వాళ్ళు అన్నారనుకుందాం. వెంటనే ఒప్పుకోండి. కాగితం, పెన్ను తీసి లెక్క వేసే చాదస్తం పెట్టుకోవద్దు. ఎందుకంటే ఎనిమిది లక్షల పెట్రోలు కారుకు మహారాష్ట్రలో ఒక్కసారి కట్టే రోడ్ టాక్స్ 11 శాతం, అంటే 88,000. తెలంగాణలో ఐదు లక్షల నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న కారుకు లైఫ్ టాక్స్ 14 శాతం, అంటే 1,12,000. పదిహేను వేలు తగ్గించుకుని ఇరవై నాలుగు వేలు ఎక్కువ కట్టడమే ఈ బేరంలోని అందం. అది లెక్క వేస్తే పోతుంది.

అందం అక్కడితో ఆగదు. యజమాని ఎక్కడ ఉంటే, లేదా ఎక్కడ వ్యాపారం చేస్తుంటే, ఆ రాష్ట్రంలోనే బండి రిజిస్టర్ చేయించాలని మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ చెబుతుంది. బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. అంటే ఏడాది తిరిగాక నాందేడ్ నంబర్ ఎంహెచ్ 26 కోసం మళ్ళీ ఇక్కడ టాక్స్ కట్టి, అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి ఇమ్మని నిర్మల్ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగొచ్చు. మధ్యలో మేనమామ కొడుకుతో మాట తేడా వస్తే ఇక చెప్పేదేముంది, కారు కాగితాల ప్రకారం అతనిదే కదా.

అటు ధర నిజంగా తక్కువైతే కారు అక్కడే కొని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద నాందేడ్ తెచ్చి, సొంత పేరు మీద ఎంహెచ్ 26 వేయించుకోవచ్చునని కొందరు అంటారు. అది దొడ్డిదారి కూడా కాదు, చట్టం ఒప్పుకున్న తిన్నని దారి. అందుకే మనవాళ్ళకు ఎక్కదు.

ముహూర్తం

మహారాష్ట్రలో సాడేతీన్ ముహూర్త్ అంటారు. గుడి పాడ్వా, అక్షయ తృతీయ, దసరా, బలి ప్రతిపద. ఈ నాలుగు రోజులూ కలిపి మూడున్నర ముహూర్తాలు. నాలుగు రోజులు మూడున్నర ఎట్లా అయ్యాయని అడిగేవాడు రేపు షోరూమ్ లెక్కలు కూడా అడుగుతాడు. అట్లాంటి వాణ్ణి వెంట తీసుకుపోవద్దు.

డెలివరీ ఈ రోజుల్లోనే తీసుకోవాలని పట్టుబట్టండి. బేరం కూడా ఆ వారంలోనే మొదలుపెట్టండి. ఆ రోజు షోరూమ్ ముందు పందిరి వేసి ఉంటుంది, పూజారి బండికి ఐదు నిమిషాల చొప్పున పంచుకుంటూ ఉంటాడు, సేల్స్ మేనేజర్‌కి తల తిప్పే తీరిక ఉండదు. ‘ఇంకో పదివేలు తగ్గించండి’ అని మీరు అంటే అతను మీ వెనక నిలబడ్డ ముగ్గురిని చూస్తాడు. ఆ చూపే మీకు జవాబు.

దసరాకు ముందు వచ్చే పెత్రమాస పదిహేను రోజుల్లో మాత్రం ఆ వైపు పోకండి. శుభకార్యం కాదని అప్పుడు ఎవరూ కొనరు. షోరూమ్ ఖాళీగా ఉంటుంది. కంపెనీ పెట్టిన నెల టార్గెట్ మాత్రం పితృదేవతలకు ఆగదు. అట్లాంటప్పుడు నెలాఖరున ఒక్కడే లోపలికి అడుగు పెడితే అందరూ లేచి నిలబడి, అడగకముందే తగ్గింపు మాట ఎత్తుతారు. అంత మర్యాద మనకు అలవాటు లేదు. అప్పుడు బేరం కుదిర్చి బుక్ చేసి, బండి మాత్రం దసరా నాడు ఇంటికి తెచ్చుకునే తెలివైనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు చెప్పను.

వెంట ఎవరిని తీసుకుపోవాలి? ఇంటిల్లిపాదినీ. ముఖ్యంగా పిల్లల్ని. వాళ్ళను ముందే బండిలో కూర్చోబెట్టి, రంగు ఎంపిక చేయించి, ‘బాపూ, ఇదే కావాలి’ అని సేల్స్‌మన్ ఎదుట అనిపించాలి. అప్పుడు బేరం మొదలుపెట్టాలి.

భాష

నాందేడ్ షోరూమ్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. సేల్స్‌మన్ మరాఠీలో మాట్లాడతాడు కాబట్టి మనం తెలుగులో రహస్యాలు చెప్పుకోవచ్చు. ‘కాకా, తుమచ్యాసాఠీ స్పెషల్’ అని అతను అనగానే, మీరు బావమరిదివైపు తిరిగి గట్టిగానే అనండి: ‘తొమ్మిదిన్నర దాకా పోదామురా, కానీ తొమ్మిది అని చెబుదాం.’ ఆ కుర్రాడిది ధర్మాబాదో, బిలోలీయో, దెగ్లూరో అయి ఉండొచ్చు, ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడేది తెలుగే కావచ్చు అన్న అనుమానం పెట్టుకోకండి. అతను లోపలికి పోయి మేనేజర్‌తో మాట్లాడి వచ్చి, ‘సర్, లాస్ట్ ప్రైస్, తొమ్మిది నలభై ఎనిమిది’ అన్నప్పుడు మన మనసులోని మాట భలే కనిపెట్టాడని మురిసిపోండి.

ఆదిలాబాద్ వైపు పోతే ఈ సౌకర్యం లేదు. అక్కడ మరాఠీలో గుసగుసలాడాలి. అది అక్కడ మనకంటే బాగా వచ్చిన వాళ్ళుంటారు.

ఒక్క ధర

ఇక అసలు విద్య. షోరూమ్‌లో ఒక్క అంకె మీదే యుద్ధం చేయండి: ఎక్స్-షోరూమ్ ధర. మిగతా అంకెలన్నీ దేవుడు రాసినవి.

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లకు మించని, 1200 సీసీకి మించని పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పైన ఉండే సెస్ కూడా పోయింది. ఆ తగ్గింపును సేల్స్‌మన్ ‘పాత రేటు ఇంత, మీ కోసం ఇంత’ అని పాత ధర మీద ఎర్ర గీత కొట్టి చూపిస్తే, అది ఆయన మీ మీద చూపించిన ప్రేమ అని నమ్మండి. ప్రభుత్వం తగ్గించింది పోను మీరేం తగ్గించారు అని అడగడం అవతలివాడి మనసు నొప్పించడమే.

తగ్గింపు ఎంత ఇస్తారో తేల్చేది మొదట మీ దగ్గర నుంచి అడ్వాన్సు ముట్టిన తర్వాతేనని గుర్తుంచుకుని, పదకొండు వేలో ఇరవై ఒక వేలో ముందే కట్టేయండి. కొటేషన్ అడగొద్దు. ఆన్-రోడ్ ధరలో ఏ పద్దు ఎంతో లెటర్‌హెడ్ మీద విడివిడిగా రాసి, ముద్ర వేసి ఇవ్వడం వాళ్ళకు ఐదు నిమిషాల పని. కానీ అది చేతికొస్తే మీరు దాన్ని పట్టుకుని ఇంకో షోరూమ్‌కి పోయే ప్రమాదం ఉంది. విజిటింగ్ కార్డు వెనకాల పెన్సిల్‌తో రాసిన అంకె చాలు. చెరిగిపోయినా బాధ లేదు.

డీలర్‌కి కారు ధర మీద మిగిలేది పెద్దగా ఉండదు. ఆ సంగతి వాళ్ళే చెబుతారు. నిజమే చెబుతారు కూడా. మిగిలేది దాని చుట్టూ కట్టిన మూటల్లో: ఇన్సూరెన్స్ కమీషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే ముడుపు, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్. కాబట్టి కారు మీద ఐదువేలు తగ్గించేదాకా కదలనని కూర్చోండి. తగ్గిస్తారు. ఆ తర్వాత వచ్చే నాలుగు కాగితాల మీద చూడకుండా సంతకాలు పెట్టండి. ఊళ్ళో చెప్పుకోవడానికి ఆ ఐదువేలే పనికొస్తుంది.

హ్యాండ్లింగ్ ఛార్జీ దేనికని అడగాలనిపిస్తే అడగండి, జవాబు కోసం ఆగకండి. అది టాక్సు కాదు, రిజిస్ట్రేషన్ ఫీజు కాదు, ఏ ప్రభుత్వ పట్టికలోనూ లేదు. కంపెనీ నుంచి బండిని షోరూమ్‌కి తెచ్చిన ఖర్చు అంటారు. షోరూమ్‌కి తేకుండా ఎక్కడ అమ్ముదామనుకున్నారో మనకెందుకు. దాన్ని తీసేయమని గట్టిగా నిలబడితే తీసేసిన సందర్భాలున్నాయి. అందుకే గట్టిగా నిలబడకండి. కాటా దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు ఎలాగూ నొప్పిగా ఉంటాయి.

ఇన్సూరెన్స్

ఇది అన్నిటికన్నా రుచికరమైన భాగం, నెమ్మదిగా చెబుతాను.

సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి తీసుకోవాలి. దాని రేటు ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దాకా 10,640. ఏ కంపెనీ దగ్గరికి పోయినా ఇంతే. మీ బేరం ఓపికంతా ఈ అంకె మీదే ఖర్చు పెట్టండి. రోడ్ టాక్స్ మీద కూడా ఓ పది నిమిషాలు పోరాడండి. రెండూ ఇంచు కూడా కదలవు, కానీ చూసేవాళ్ళకు బేరం ఆడినట్టే ఉంటుంది.

కదిలేది మన బండికి మనం చేయించుకునే ఓన్ డ్యామేజ్ భాగం. అది ఏడాదికి తీసుకుంటే చాలు, ఎక్కడైనా తీసుకోవచ్చు. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఇక్కడే జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్, కీ రీప్లేస్‌మెంట్, టైర్ కవర్ అని ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద ఒకే ఒక్క మొత్తం చూపిస్తారు. ఆ మొత్తాన్ని విప్పి చూడకండి. బయట కంపెనీ నుంచి ఫోన్‌లో ఇంకో కొటేషన్ తెప్పించారనుకోండి, ‘బయటి పాలసీ అయితే మా వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ కాదు సర్, డిస్కౌంట్ కూడా రాదు’ అంటారు. మొదటిది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కంపెనీకి ఒక్క ఫోన్ కొడితే తెలిసిపోయే సంగతి. రెండోది బెదిరింపు. రెండూ వేదవాక్కులని తీసుకోండి.

అయినా మొండికేసి బయటే తీసుకుంటానంటే, కనీసం ప్రీమియం ఒక్కటే పోల్చండి, బండి పోతే చేతికొచ్చే విలువను, అదే ఐడీవీని, చూడకండి. కొత్త బండికి ఐడీవీ ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. ఎవరైనా దాన్ని లక్ష తగ్గించి ‘మా ప్రీమియం చవక’ అంటే, బండి దొంగలు ఎత్తుకుపోయిన రోజున ఆ చవక ఎంతో తెలుస్తుంది.

ఇక పాత కారున్నవాళ్ళకు ప్రత్యేక సలహా. ఐదేళ్ళుగా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదనుకోండి, మీకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది. పాత బండి అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి చిన్న ఉత్తరం తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు. దాని సంగతి ఎత్తకండి. వాళ్ళూ ఎత్తరు. పాత బండిని ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేటప్పుడు ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చేయండి, పేరు ఎప్పుడు మారిందో కనుక్కోవద్దు. ఆ బండి ఏ రోడ్డు మీదో ఎవరినో గుద్దితే, సమన్లు ఇస్లాపూర్ పోస్టాఫీసుకే వస్తాయి. పోస్ట్‌మన్‌కి దారి తెలుసు.

కిస్తీలు

బ్యాంకుకు మీరే పోవద్దు. షోరూమ్‌లో ఒక మూల చిన్న బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కుర్రాడు ఉంటాడు. వడ్డీ ఎంత అని అడిగితే ‘ఫ్లాట్ సెవెన్ పర్సెంట్, సర్’ అంటాడు. ఊళ్ళో నెలకు నూటికి రెండు చొప్పున తెచ్చుకున్న చేతికి ఏడు అమృతంలా వినిపిస్తుంది. ఆరు లక్షలకు ఐదేళ్ళు, ఏడు శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,10,000. మొత్తం 8,10,000. నెలకు 13,500. అసలు నెలనెలా కరుగుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు ఆరు లక్షల మీదే నడుస్తుంది. బ్యాంకులు చెప్పే తగ్గుతూపోయే లెక్కలో చూస్తే ఇది పన్నెండున్నర శాతం దగ్గర. ప్రభుత్వ బ్యాంకు వాడు తొమ్మిది అని చెప్పినప్పుడు, ‘అబ్బో, అక్కడ ఏడే’ అని లేచి వచ్చేయండి.

ఆ కుర్రాడు కిస్తీ ఒక్కటే మాట్లాడతాడు. ‘మీకు నెలకు ఎంత వీలవుతుంది సర్?’ వీలైనంత చెప్పండి. అరవై నెలలను ఎనభై నాలుగు చేసి అతను ఆ అంకెకు సరిగ్గా సరిపెడతాడు. మన పంట డబ్బు వచ్చేది నెలనెలా కాదు, దీపావళి తర్వాత ఒక్కసారిగా. మధ్యలో పెద్ద మొత్తం కట్టి అసలు తగ్గించుకుందామంటే ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంత అన్నది మొదటే అడగాల్సిన మాట. కనుక అడగకండి.

పది లక్షలు దాటిన కారైతే ఒక శాతం టీసీఎస్ వేస్తారు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో తిరిగి రాబట్టుకోవచ్చు. రిటర్న్ వేయకుండా వదిలేయండి.

ఫ్రీ

పదిహేను వేలు నగదు తగ్గింపా, ఇరవై ఐదు వేల యాక్సెసరీస్ ఫ్రీయా అని అడుగుతారు. పెద్ద అంకె వైపే ఉండండి. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు, ఒక బాడీ కవర్, ఒక టెఫ్లాన్ కోటింగ్, చిన్న వినాయకుడు. వినాయకుడికి కూడా ఎమ్మార్పీ వేసి ఉంటుంది. ఇవన్నీ నాందేడ్ బజారులో ఎంతకొస్తాయో చూసొచ్చినవాళ్ళు నగదు తీసుకున్నారు. వాళ్ళ బండిలో వినాయకుడు లేడు, అది వేరే సంగతి.

బండిని చూడటం

డబ్బంతా కట్టేశాకే బండి చూడండి. అదీ సాయంత్రం ఏడు తర్వాత. చీకట్లో ఏ రంగైనా కొత్తగానే మెరుస్తుంది.

‘రెడీ స్టాక్ ఉంది సర్, రేపే డెలివరీ’ అని జనవరిలో అన్నారంటే, అది పోయిన ఏడాది తయారై యార్డులో నాలుగు వానలు తిన్న బండి కావచ్చు. తయారైన నెల, సంవత్సరం ఛాసిస్ నంబర్‌లోనూ కాగితాల్లోనూ ఉంటాయి. నంబర్‌లో పదో అక్షరం ఏడాదిని చెబుతుంది: ‘ఎస్’ అంటే 2025, ‘టి’ అంటే 2026. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఆ ఏడాదినే. పాత ఏడాది బండిని పాత ఏడాది ధరకు అడగొచ్చు, గట్టిగా తగ్గిస్తారు కూడా. కానీ అందుకు బుకింగ్‌కి ముందే ఛాసిస్ నంబర్ అడగాలి. అంత దూరం ఎవరు ఆలోచిస్తారు.

డెలివరీ రోజున మూడడుగుల అట్ట తాళం చెవి చేతికిచ్చి ఫోటో తీస్తారు. నవ్వండి. ఫోటో తీస్తున్నప్పుడే ఒక కుర్రాడు ఫీడ్‌బ్యాక్ గురించి చెవిలో చెబుతాడు: ‘కంపెనీ నుంచి కాల్ వస్తుంది సర్, పదికి పది చెప్పండి.’ ఆ పది మీద అతని షోరూమ్‌కి వచ్చే ప్రోత్సాహకం ఆధారపడి ఉండొచ్చు. కాబట్టి రావలసిన రెండో తాళం చెవి, ఒరిజినల్ ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్ పాలసీ, ఆర్సీ ఎప్పుడొస్తుందన్న మాట చేతికి అందకముందే పది ఇచ్చేస్తానని ఒట్టేయండి.

భోకర్ దాటి హిమాయత్‌నగర్ వచ్చేసరికి ఫోన్‌లు మొదలవుతాయి. ‘ఎంత పడింది బావా?’ తగ్గించిన ఐదువేల సంగతి చెప్పండి. ఆన్-రోడ్ ఎంతో చెప్పకండి. వాళ్ళు ఆ సేల్స్‌మన్ నంబర్ అడుగుతారు, ఇవ్వండి. వాళ్ళను పంపినందుకు మీకేమైనా ఇస్తాడా అని మాత్రం అతన్ని అడగకండి, ఆ స్కీమ్ ఉంటే దాన్నీ అతనే ఉంచుకుంటాడు.